వీపీఎన్ తాళంచెవి దారిలో చిక్కదా?

ప్రశ్న: నేను మారతహళ్లిలో ఒక పీజీ హాస్టల్‌లో ఉంటూ అక్కడి వైఫై మీదే ఆఫీసు పని చేస్తున్నాను. ఇంటర్నెట్ మీదుగా ఆఫీసు సర్వర్‌కు రక్షిత మార్గం వేసే వీపీఎన్ ఆన్ చేయనిదే మా కంపెనీ లాగిన్ కానివ్వదు. అందులో వెళ్లే సమాచారమంతా గూఢలిపిలోకి మారుతుందంటారు. మరి ఆ గూఢలిపిని విప్పే తాళంచెవి కూడా ముందుగా అదే వైఫై మీదుగానే వెళ్లాలి కదా? వైఫై నడిపేవారు దాన్ని పట్టుకుంటే ఇక రక్షణ ఏముంటుంది?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: మీరు అడిగినది ఈ విషయంలో అన్నిటికన్నా కీలకమైన ప్రశ్న. రహస్యంగా మాట్లాడుకోవాలంటే ఇద్దరి దగ్గరా ఒకే తాళంచెవి ఉండాలి. దాన్ని చేరవేయాలంటే అంతకుముందే ఒక రహస్య మార్గం ఉండాలి. గూఢలిపి నిపుణులను ఎంతో కాలం వేధించిన ఈ చిక్కుముడికి 1976లో విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్‌మన్ ప్రచురించిన పద్ధతి పరిష్కారం చూపింది. ఆ పద్ధతిలో తాళంచెవి అసలు ప్రయాణమే చేయదు. రెండు చివరలా విడివిడిగా తయారవుతుంది.

చిన్న అంకెలతో మీరే కాగితం మీద వేసి చూడవచ్చు. 17, 3 అనే సంఖ్యలు అందరికీ తెలిసినవే అనుకుందాం. మీ ల్యాప్‌టాప్ రహస్యంగా 6ను ఎంచుకొని, 3కు ఆరవ ఘాతమైన 729ను 17తో భాగించి, శేషంగా వచ్చిన 15ను మాత్రమే బయటికి పంపుతుంది. కంపెనీ సర్వర్ రహస్యంగా 7ను ఎంచుకొని, అదే విధంగా 2187ను భాగించి, శేషం 11ను పంపుతుంది. ఇప్పుడు ల్యాప్‌టాప్ 11కు ఆరవ ఘాతాన్ని, సర్వర్ 15కు ఏడవ ఘాతాన్ని కట్టి 17తో భాగిస్తే ఇద్దరికీ శేషంగా 8 వస్తుంది. ఆ 8 నుంచే తాళంచెవి పుడుతుంది. వైఫై నడిపేవారి కంటపడినవి 17, 3, 15, 11 మాత్రమే. ఇంత చిన్న సంఖ్యలైతే వారు ఒక్కొక్కటిగా ప్రయత్నించి 6నో 7నో కనిపెట్టగలరు గాని, నిజమైన వీపీఎన్‌లలో వాడే అతి పెద్ద సంఖ్యల విషయంలో శేషం నుంచి ఘాతానికి వెనక్కి వెళ్లే సులువైన దారి నేటి కంప్యూటర్లకు లేదు.

అయితే ఈ పద్ధతికి ఒక బలహీనత ఉంది. మధ్యలో ఉన్నవారు తామే కంపెనీ సర్వర్‌మని నటిస్తే, మీ ల్యాప్‌టాప్ వారితోనే తాళంచెవి తయారుచేసుకుంటుంది. అందుకే సర్వర్ తన గుర్తింపును డిజిటల్ సర్టిఫికెట్‌తోనో, ముందే నమోదైన పబ్లిక్ కీతోనో (అందరికీ తెలిసినా ఫరవాలేని తాళంచెవి) నిరూపించుకోవాలి. సర్టిఫికెట్ సరిపోలడం లేదన్న హెచ్చరిక తెర మీద కనిపించినప్పుడు, పని తొందరలో దాన్ని దాటవేసి ముందుకు వెళ్లడం నా దృష్టిలో పాస్‌వర్డ్‌ను పరాయివారికి చెప్పడం కన్నా ప్రమాదకరం. ఆ క్షణంలో పని ఆపి మీ ఐటీ విభాగానికి ఫోన్ చేయండి.

తాళంచెవి కుదిరాక మిగిలిన పని వేగంగా సాగుతుంది. 2001లో అమెరికా ప్రమాణంగా ప్రకటించిన ఏఈఎస్ అనే గూఢలిపి పద్ధతి సమాచారాన్ని 128 బిట్ల ముక్కలుగా తీసుకుంటుంది. 256 బిట్ల తాళంచెవి అయితే ఒక్కో ముక్కను 14 విడతలు కలగాపులగం చేస్తుంది. వైర్‌గార్డ్ అనే కొత్త తరహా వీపీఎన్ దీని బదులు చాచా20 పద్ధతిని వాడుతుంది. ప్రతి ప్యాకెట్‌కూ, అంటే నెట్‌వర్క్ మీద వెళ్లే ప్రతి సమాచార మూటకూ, ఒక ముద్ర కూడా ఉంటుంది కనుక దారిలో ఒక్క బిట్ మారినా అవతలి వైపు దాన్ని తిరస్కరిస్తుంది. పైగా వైర్‌గార్డ్ సంభాషణ సాగుతున్నంతసేపూ సుమారు 2 నిమిషాలకొకసారి కొత్త తాళంచెవిని తయారుచేసుకొని పాతదాన్ని చెరిపేస్తుంది. కాబట్టి ఈరోజు ప్యాకెట్లను దాచిపెట్టుకొని, రేపెప్పుడో మీ ల్యాప్‌టాప్‌ను చేజిక్కించుకున్నవారికి కూడా అవి పనికిరావు.

ఇంత చేసినా, మీరు ఏ వీపీఎన్ సర్వర్‌తో, ఎప్పుడు, ఎంత డేటా మార్చుకున్నారో హాస్టల్ వైఫైకి తెలుస్తూనే ఉంటుంది. ఈ గూఢలిపి రక్షణ వీపీఎన్ సర్వర్ దగ్గరే ముగుస్తుందన్నది కూడా మరువకూడదు. అక్కడ ప్యాకెట్లను విప్పేది మీ కంపెనీయే. ఉచిత వీపీఎన్ యాప్‌లను నేను సిఫారసు చేయకపోవడానికి కారణం ఇదే: వాటిలో ఆ స్థానంలో కూర్చునేది మనకు తెలియని సంస్థ.

చివరగా, కొన్ని కంపెనీలు ఆఫీసు పనికి సంబంధించిన ప్యాకెట్లను మాత్రమే వీపీఎన్‌లోకి పంపి, మిగతావాటిని నేరుగా వైఫై మీదికి వదిలే స్ప్లిట్ టన్నెలింగ్ అమరికను వాడతాయి. మీ ల్యాప్‌టాప్‌లో ఆ అమరిక ఉందో లేదో ఐటీ విభాగాన్ని అడిగి తెలుసుకోండి. ఉంటే మీ సొంత బ్రౌజింగ్‌కు ఈ వీపీఎన్ రక్షణ వర్తించదు.