బంగాళాదుంపకు చర్మం ఉంటుందా?

సందేహం: సెలవుల్లో పిల్లల కోసం ఇంట్లో చేసుకునే 'లోడెడ్ పొటాటో స్కిన్స్' (కాల్చి, లోపలి గుజ్జు తొలిచిన బంగాళాదుంపలో చీజ్ నింపే వంట) తయారీని తెలుగులో రాశాను. 'విలాసవంతమైన నింపిన బంగాళాదుంప చర్మాలు' అని పేరు పెడితే చదివినవాళ్లెవరికీ తినాలనిపించలేదట. 'తొక్కలు' అంటే ఇంకా బాగోలేదు. ఏమనాలి?

సమాధానం: చర్మం మనిషికీ జంతువుకీ ఉంటుంది. చెట్టుకు బెరడు, గుడ్డుకు పెంకు, ఉల్లికి పొట్టు, అరటిపండుకు తొక్క. బంగాళాదుంపకు చెక్కు తీస్తాం, తొక్క తీస్తాం అని కూడా అంటాం. తొక్క, చెక్కు, పొట్టు మూడూ తీసి పారేసేవే. మీ వంటలో ఆ పైపొరే ముఖ్యం, దాన్ని ఇష్టంగా తింటారు. 'తొక్కలు' అనగానే నోరూరకపోవడానికి కారణం అదే.

మీ ఉత్తరం ముందు పెట్టుకుని నేనూ చేసి చూశాను. దుంపల్ని ఓవెన్‌లో 200 డిగ్రీల సెల్సియస్ దగ్గర గంటసేపు కాల్చి, నిలువునా రెండుగా కోసి, వేడివేడిగా గుడ్డతో పట్టుకుని చెంచాతో తొలిచాను. అంచు వెంట అర సెంటీమీటరు మందాన గుజ్జు ఉంచాలి. ఒకదాన్ని మరీ పలచగా తొలిస్తే వెన్న పూస్తుంటేనే చిరిగిపోయింది. చిరగనిదాన్ని అరచేతిలో పెట్టుకోగానే 'దొప్ప' అనే మాట దానంతటదే నోటికొచ్చింది. ఆకుదొప్పలో ఉన్న దొప్పే ఇది. 'చిప్ప' అనకూడదా అంటే, కొబ్బరిచిప్ప, మోకాటిచిప్ప, ముత్యపుచిప్ప అన్నీ గట్టివి. దొప్పలో మెత్తదనం ఉంది, ఏదైనా పోసుకోవడానికి పనికొచ్చే లోతూ ఉంది. కాబట్టి 'బంగాళాదుంప దొప్పలు' అనండి. ఆలుగడ్డ అనేవారు ఆలుగడ్డ దొప్పలు అనవచ్చు, ఉర్లగడ్డ అన్నా మంచి తెలుగే.

ఇక 'లోడెడ్'. దొప్పకు లోతుంది కాబట్టి 'నింపిన' సరిపోతుంది. 'కూరిన' వద్దు. ఇరుకు మూతిలోంచి బలవంతంగా తోస్తే కూరడం, దిండులో దూది కూరినట్టు. 'దట్టించిన' అంటే తుపాకిలో మందు గుర్తొస్తుంది. ఇదే చీజ్‌ను వేయించిన బంగాళాదుంప ముక్కల మీద వేస్తే మాత్రం 'నింపిన' కుదరదు, అక్కడ నింపడానికి లోపలంటూ ఏదీ లేదు. 'చీజ్ కరిగించి పోసిన ముక్కలు' అని జరిగింది జరిగినట్టు చెప్పండి. 'లోడెడ్' అని అలాగే ఉంచినా తప్పు పట్టను. 'చీజ్'ని మాత్రం 'జున్ను' చేయకండి. జున్ను ఈనిన కొత్తలో వచ్చే ముర్రుపాలతో అయ్యేది, అది వేరే పదార్థం.

'విలాసవంతమైన' తీసేయండి. భవనం విలాసవంతంగా ఉంటుంది, తిండి ఉండదు. వెన్న, మీగడ, చీజ్ ఉన్న తిండికి 'కమ్మని' అన్న మాట ఉంది. కమ్మతావి, కమ్మతెమ్మెర అన్నప్పుడు అది సువాసన. వంటింట్లో వాసనతోపాటు నెయ్యి, పెరుగుల రుచినీ చెబుతుంది. మీరు వెతుకుతున్నది సరిగ్గా ఆ రుచినే.

'కమ్మని నింపిన బంగాళాదుంప దొప్పలు' అని పేరు పెట్టండి. తయారీలో క్రియలు కూడా ఒకసారి సరిచూసుకోండి. మీరు అన్నిటికీ 'జోడించండి' అనే రాశారు. వెన్న పూస్తాం, చీజ్ తురుము నింపుతాం, మీగడ చెంచాతో వేస్తాం, ఉల్లికాడల తరుగు చల్లుతాం.