ఇంజిన్ లైటు వెలిగింది కానీ బండి బాగానే నడుస్తోంది. వారం ఆగొచ్చా?

రెండు రోజులుగా పసుపు రంగు ఇంజిన్ బొమ్మ వెలుగుతోంది, పికప్ తగ్గలేదు, శబ్దం లేదు, వచ్చే వారం సర్వీసింగ్ ఉంది, అప్పటిదాకా నడపొచ్చా అని కదా మీరు అడిగింది. లైటు నిలకడగా ఉంటే మెల్లగా నడుపుకోవచ్చండి. అదే లైటు ఆరుతూ వెలుగుతూ కొట్టుకుంటుంటే మాత్రం నడపకండి. ఈ తేడా తెలియకే నేను చేతులు కాల్చుకున్నాను.

ఒక రాత్రి వానలో ఎత్తు ఎక్కుతుంటే బండి గుంజడం మొదలుపెట్టింది. యాక్సిలరేటర్ నొక్కితే పసుపు లైటు టపటపా కొట్టుకుంటోంది, కాలు తీస్తే నిలకడగా వెలుగుతోంది. ఎర్ర లైటు కాదు కదా, ఇంటికెళ్లాక చూద్దాంలే అని ఇంకో 30 కిలోమీటర్లు లాగించాను. దిగేసరికి బండి వెనకాల కుళ్లిన గుడ్ల వాసన.

జరిగిందేమిటంటే, ఒక సిలిండర్‌లో స్పార్క్ సరిగ్గా పడటం లేదు. మెకానిక్‌లు మిస్సింగ్ అంటారే, అదే. అక్కడ కాలని పెట్రోలు సైలెన్సర్ దారిలో ఉండి పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతుంది. దాని లోపల తేనెపట్టులా సన్నటి గదులున్న దిమ్మ ఉంటుంది. దానికి ప్లాటినం, పల్లాడియం, రోడియం లాంటి లోహాల పూత ఉంటుంది కాబట్టే దాని ఖరీదు వింటే గుండె గుభేలుమంటుంది. వేడి ఎక్కువైతే ఆ దిమ్మ కరిగి మూసుకుపోతుంది కూడా. లైటు కొట్టుకునేది ఆ ప్రమాదం గురించి చెప్పడానికే.

మర్నాడు బండి చూపిస్తే పొగలో ఆక్సిజన్ ఎంతుందో చూసే ఆక్సిజన్ సెన్సర్ పోయిందన్నారు. మార్చారు, లైటు ఆరిపోయింది, డబ్బు కట్టి వచ్చేశాను. మూడో రోజు మొదటి ఎత్తు దగ్గరే మళ్లీ అదే కొట్టుకోవడం. వాళ్లు రోగం తీయలేదు, కోడ్ (తప్పు ఎక్కడుందో బండి కంప్యూటర్ రాసుకునే నంబరు) చెరిపారంతే. అప్పుడు ఒక స్నేహితుడి దగ్గర ఆ కోడ్ చదివే చిన్న స్కానర్ తెచ్చుకుని, స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల సాకెట్‌లో పెట్టి చూశాను. పి0302 అని వచ్చింది, అంటే రెండో సిలిండర్‌లో మిస్సింగ్. అందులో తప్పు స్పార్క్ ఇచ్చే ప్లగ్‌దా, ప్లగ్‌కి కరెంటు పంపే కాయిల్‌దా, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్‌దా అన్నది కోడ్ చెప్పదు. నా బండిలో ప్రతి ప్లగ్ మీదా విడిగా ఒక కాయిల్ ఉంటుంది. ఇంజిన్ చల్లారాక రెండో కాయిల్ తీసి మూడో దాని మీద, మూడోది రెండో దాని మీద పెట్టి, కోడ్ చెరిపి, కాసేపు ఇంజిన్ ఆన్‌లో ఉంచాను. ఈసారి పి0303 వచ్చింది. తప్పు కాయిల్‌తో పాటే నడిచింది, దొంగ దొరికాడు! ఒక్క కాయిల్ మార్చాక ఆ కోడ్ మళ్లీ కనపడలేదు.

కొన్ని నెలలకు పి0420 వచ్చింది. కన్వర్టర్ పనితీరు తగ్గిందని దాని అర్థం. ఆ రాత్రి లాగించిన 30 కిలోమీటర్ల ఫలమే అని నా అనుమానం.

ఇక మీ బండి సంగతి. ముందు పెట్రోల్ ట్యాంకు మూత చూడండి, నవ్వులాట కాదు. మూత వదులుగా ఉండి ఆవిరి లీకైనా కొన్ని బండ్లలో ఈ లైటు వెలుగుతుంది. టిక్కుమనేదాకా బిగించండి. వెంటనే ఆరదు, కొన్నిసార్లు బండి తీసి తిరిగాక దానంతటదే పోతుంది. పోకపోతే సర్వీసింగ్ దాకా ఆగకుండా కోడ్ చదివించి, నంబరు ఫోన్‌లో ఫొటో తీసుకోండి. లైటు ఆర్పడానికి బ్యాటరీ వైరు పీకమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు, వినకండి. కోడ్‌తో పాటు, ఆ క్షణంలో ఇంజిన్ వేడి ఎంత, స్పీడ్ ఎంత అని కంప్యూటర్ రాసుకున్న లెక్క కూడా పోతుంది. మెకానిక్‌కి పనికొచ్చే ఆధారం అదే.

ఎర్ర లైట్లతో మాత్రం బేరాల్లేవు. నూనె డబ్బా బొమ్మ ఎర్రగా వెలిగితే పక్కకు తీసి వెంటనే ఇంజిన్ ఆపండి. అది చెప్పేది ఆయిల్ ప్రెషర్ గురించి, మట్టం గురించి కాదు. ఆయిల్ మట్టం చూసే పుల్ల, అదే డిప్‌స్టిక్ మీద ఆయిల్ నిండుగా కనిపించినా పంపు పని చేయకపోతే బేరింగులు అరిగిపోతాయి, అందుకే స్టార్ట్ చేయకుండా టో చేయించుకోవడమే నయం. టెంపరేచర్ లైటు వెలిగినా ఆపాల్సిందే. వేడి మీద రేడియేటర్ మూత జోలికి వెళ్లొద్దు, మరిగే నీళ్లు మొహం మీదికి చిమ్ముతాయి. బ్యాటరీ బొమ్మ వెలిగిందంటే చాలాసార్లు చార్జింగ్ ఆగిపోయినట్టు. ఏసీ ఆపి దగ్గరలోని వర్క్‌షాప్‌కి పోండి. టెంపరేచర్ కూడా పెరుగుతుంటే బెల్టు తెగి ఉండొచ్చు, కొన్ని ఇంజిన్లలో నీళ్ల పంపు తిరిగేది ఆ బెల్టుతోనే, అప్పుడు ముందుకు పోకుండా ఆపేయండి.

ఇంకొకటి, సెకండ్‌హ్యాండ్ బండి కొనేవాళ్లకు కూడా పనికొస్తుంది. స్టార్ట్ చేయకుండా తాళం ఆన్ చేస్తే ఇంజిన్ బొమ్మ వెలగాలి, స్టార్టయ్యాక ఆరాలి. తాళం ఆన్ చేసినా అసలు వెలగలేదంటే బల్బు పోయి ఉండొచ్చు, లేదా ఎవరో కావాలనే తీసేసి ఉండొచ్చు.