ఫ్రీబీఎస్‌డీ సర్వర్‌లో ‘వాచ్‌డాగ్ టైమౌట్’: డ్రైవర్ మార్చాలా, కార్డే మార్చాలా?

మీ ఫ్రీబీఎస్‌డీ (లినక్స్ లాంటి ఓఎస్) సర్వర్‌లో రాత్రి బ్యాకప్ మొదలవగానే లాగ్‌లో ‘ఆర్‌ఈ0: వాచ్‌డాగ్ టైమౌట్’ (ఆర్‌ఈ0 అంటే నెట్‌వర్క్ కార్డు పేరు) అని పడి నెట్ తెగిపోతోందన్నారు. బెంగళూరు మారతహళ్లిలో మా ఆఫీసు ఫైల్ సర్వర్‌ది అచ్చంగా ఇదే జబ్బు. ముందు డ్రైవర్ (కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్) సంగతి తేల్చుకోండి, కార్డుకి డబ్బు తర్వాత పెట్టొచ్చు.

ఆ మెసేజ్‌కి అర్థం ఏమిటంటే, పంపమని డ్రైవర్ ప్యాకెట్ ఇచ్చింది, పంపేశానని కార్డు నుంచి కొన్ని సెకన్లయినా కబురు రాలేదు. దాంతో డ్రైవర్ కార్డుని రీసెట్ చేస్తుంది. మామూలు బ్రౌజింగ్‌లో బయటపడదు, పెద్ద ఫైళ్లు కదిలినప్పుడే తెలుస్తుంది.

సర్వర్‌లోని కార్డుల జాబితా చూపే ‘పీసీఐకాన్ఫ్ -ఎల్‌వీ’ కమాండ్ కొట్టండి. కార్డు లైన్ మొదట్లో ‘నన్0’ అని ఉంటే ఏ డ్రైవరూ దాన్ని పట్టుకోలేదని. మీది ‘ఆర్‌ఈ0’ కాబట్టి డ్రైవర్ ఉంది, కార్డులోని చిప్‌తో దానికి పడట్లేదేమో. అక్కడే వెండర్ 10ఈసీ, డివైస్ 8168 అని కనిపిస్తే, డబ్బా మీద ఏ పేరున్నా లోపలిది రియల్‌టెక్ చిప్పే. ఆ 8168 నంబర్ కిందే చాలా రివిజన్లు వచ్చాయి. అందుకే పక్కవాళ్ల సర్వర్‌లో చక్కగా నడిచే డ్రైవర్ మీ దగ్గర మొరాయిస్తుంది.

కేబుల్, స్విచ్ పోర్టు ఒకసారి మార్చి చూడండి. అయినా తగ్గకపోతే ‘రియల్‌టెక్-ఆర్‌ఈ-కేమాడ్’ ప్యాకేజీ వేయండి, అది కంపెనీ డ్రైవరే. చాలామంది ఆగిపోయేది ఇక్కడే. పాత ఆర్‌ఈ డ్రైవర్ కెర్నల్‌లోనే (ఓఎస్ గుండెకాయలోనే) ఉంటుంది కాబట్టి ప్యాకేజీ వేసినంత మాత్రాన కొత్తది ఎక్కదు. బూట్ సెట్టింగుల ఫైల్ లోడర్ డాట్ కాన్ఫ్‌లో రెండు లైన్లు రాయాలి: ‘ఇఫ్_ఆర్‌ఈ_లోడ్’కి ‘యెస్’ (YES), ‘ఇఫ్_ఆర్‌ఈ_నేమ్’కి బూట్‌లోని మాడ్యూల్స్ ఫోల్డర్‌లో ఉన్న కొత్త డ్రైవర్ ఫైల్ (దాన్నే మాడ్యూల్ అంటారు) పూర్తి పాత్. రీబూట్ అయ్యాక, ఎక్కిన మాడ్యూళ్లను చూపే ‘కేఎల్‌డీస్టాట్’ కమాండ్‌లో ఆ మాడ్యూల్ కనిపించాలి. మా సర్వర్‌లో ఆ పేరు కనిపించిన రాత్రి నుంచి బ్యాకప్ మధ్యలో ఆగలేదు. ఓఎస్ వెర్షన్ పెంచినప్పుడల్లా ఈ ప్యాకేజీని కూడా కొత్త కెర్నల్‌కి తగ్గది వేయాలి, లేకపోతే వెర్షన్ కుదరక మాడ్యూల్ ఎక్కదు.

నెట్టే లేకపోతే ప్యాకేజీ ఎలా దించాలంటారా? ఆండ్రాయిడ్ ఫోన్‌ని యూఎస్‌బీకి తగిలించి టెథరింగ్ ఆన్ చేయండి. ‘ఇఫ్_యూఆర్ఎన్‌డిస్’ మాడ్యూల్ లోడ్ చేస్తే ఫోన్ ‘యూఈ0’ అనే నెట్‌వర్క్ కార్డులా కనిపిస్తుంది, దాని మీద ఐపీ అడ్రస్ తెచ్చే ‘డీహెచ్‌క్లయింట్’ నడిపితే చాలు. టెన్షన్ పడకండి, ఇది నిజంగా పనిచేస్తుంది.

ఇవన్నీ చేసినా టైమౌట్ వస్తుంటే బెంగళూరులో ఎలక్ట్రానిక్స్ దొరికే ఎస్పీ రోడ్డుకి వెళ్లి ఇంటెల్ ఐ350 లాంటి కార్డు తెచ్చుకోండి. పని చేయకపోతే వెనక్కి తీసుకుంటారో లేదో కొనేముందే అడగండి, నకిలీలు కూడా తిరుగుతున్నాయి. కొత్త కార్డు ‘ఐజీబీ0’ అని వస్తుంది కాబట్టి సిస్టమ్ సెట్టింగుల ఫైల్ ఆర్‌సీ డాట్ కాన్ఫ్‌లోనూ, ఫైర్‌వాల్ రూల్స్‌లోనూ ఆర్‌ఈ0 అన్న చోటల్లా మార్చండి. ఈ పనంతా ఎస్‌ఎస్‌హెచ్ (నెట్ ద్వారా దూరం నుంచి లాగిన్) మీద వద్దు, మానిటర్, కీబోర్డు తగిలించుకుని సర్వర్ ముందు కూర్చునే చేయండి.