సారు నోట్సు రాయించట్లేదు, బడి మార్చాలా?

ప్రశ్న: మా బాబు ఇక్కడే సర్కారు బడిలో ఏడో తరగతి. కొత్తగా వచ్చిన సైన్స్ సారు పిల్లల్ని గ్రూపులుగా కూర్చోబెట్టి వాళ్లనే మాట్లాడుకోమంటారట, ప్రశ్న-జవాబులు రాయించరు, నోట్సు సగం ఖాళీ. పక్కింటి పాప ప్రైవేటు స్కూల్లో అదే క్లాసు, గైడులో ఉన్నది ఉన్నట్టు గడగడా అప్పజెప్తుంది. మాకు టెన్షన్‌గా ఉంది. బడి మార్చమంటారా?
– ఒక తల్లి, దేవరకొండ

జవాబు: వద్దమ్మా, నోట్సు ఖాళీగా ఉందని మాత్రం బడి మార్చకండి. సారు చేస్తున్నది సొంత ప్రయోగమేమీ కాదు. పిల్లలు పనులు చేస్తూ, తామే కనుక్కుంటూ నేర్చుకోవాలని, భయం లేకుండా మాట్లాడాలని 2009 నాటి విద్యా హక్కు చట్టం 29వ సెక్షనే చెప్తుంది. అలాగని గ్రూపుల్లో కూర్చోబెట్టగానే చదువు వచ్చేస్తుందని నేను అనను. పిల్లలు మాట్లాడుకోవడం అయ్యాక, ఏది సరైనదో సారు తేల్చి చెప్తున్నారా లేదా అన్నదే అసలు చూడాల్సింది.

మన నల్లగొండ జిల్లా ఫ్లోరైడ్ నీళ్ల సంగతే తీసుకోండి. మరిగిస్తే ఫ్లోరైడ్ పోతుందా అని అడిగితే గ్రూపులో చాలామంది పోతుందనే అంటారు, ఎందుకంటే జ్వరమొస్తే ఇంట్లో కాచిన నీళ్లే కదా తాగిస్తాం. నిజానికి మరిగిస్తే సూక్ష్మజీవులు చస్తాయి గానీ ఫ్లోరైడ్ ఎక్కడికీ పోదు, ఆవిరై నీళ్లు తగ్గేకొద్దీ మిగిలినవాటిలో దాని మోతాదు ఇంకా పెరుగుతుంది. ఇది పిల్లలు గంటసేపు చర్చించుకున్నా తేలదు. నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ 'నీరి' (NEERI) తయారుచేసిన 'నల్లగొండ టెక్నిక్'లో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపితే ఫ్లోరైడ్ మడ్డితో పాటు అడుక్కి ఎలా దిగుతుందో కూడా ఒకరు బోర్డు మీద విడమర్చి చెప్పాల్సిందే. కొత్త విషయం మొదటిసారి నేర్చుకునేటప్పుడు చెప్పేవాళ్లు కావాలి. మన పాత పంతుళ్లు ఆ పని చక్కగా చేసేవారు, అందుకే ఆ పద్ధతిని తీసిపారేసి మాట్లాడితే నాకు నచ్చదు.

కానీ చెప్పి రాయించి వదిలేస్తే పరీక్ష మర్నాటికి ఏమీ మిగలదు. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని బట్టీపట్టిన పిల్ల, తన నాయనమ్మ పళ్ల మీద గోధుమరంగు మచ్చలు దానివల్లే కావచ్చని అనుకోకపోతే ఆ అంకె ఎందుకు చెప్పండి? మిషన్ భగీరథ కుళాయి నీళ్లు రాకముందు ఇంట్లో ఏ బోరు నీళ్లు తాగారు, వాడకట్టులో ఎవరికి కాళ్లు వంకరపోయాయి, ఇవి పిల్లలే అడిగి రాసుకొచ్చి క్లాసులో ముందు పెట్టాలి. అక్కడ సారు ఎంత తక్కువ మాట్లాడితే అంత మంచిది. ప్రాజెక్టు పని పేరుతో నెట్ సెంటర్‌లో ప్రింట్లు తీయించి అట్టకు అంటించడం మాత్రం ఏ పద్ధతీ కాదు, దానికి మార్కులు వేయడం పిల్లల్ని మోసం చేయడమే.

మీరు చేయాల్సింది చిన్న పని. సాయంత్రం పుస్తకం పక్కన పెట్టించి, ఈరోజు సైన్స్‌లో ఏం తెలిసిందో చెప్పమనండి. నత్తినత్తిగానైనా సొంత మాటల్లో చెప్తే బాగానే నడుస్తున్నట్టు. పరీక్ష రాతలోనే ఉంటుంది కాబట్టి అందులో రెండు జవాబులు అక్కడే రాయించండి, ఈ అలవాటు పదో తరగతికి పనికొస్తుంది. 'ఏమో, మేమే మాట్లాడుకున్నాం, సారు ఏం చెప్పలేదు' అని రోజూ అంటుంటే మాత్రం వెళ్లి సారును కలవండి. గొడవ అక్కర్లేదు, 'చివరి పది నిమిషాలు ముఖ్యమైనవి బోర్డు మీద రాయండి సార్' అని అడగండి చాలు.