మేనకోడలికి లేఖ: ఎదుటి జట్టు ఆట చూడబోయే ముందు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

మీ కళాశాల అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టుకు నిన్ను సహాయ శిక్షకురాలిగా తీసుకున్నారనీ, వచ్చే వారం సెమీ ఫైనల్లో మీకు ఎదురుపడబోయే జట్టు ఆట చూసి రావడానికి శనివారం నెల్లూరు నుంచి కావలికి ఒక్కదానివే బయలుదేరుతున్నావనీ మీ అమ్మ నిన్న ఫోనులో చెప్పింది. ఆ మాట విన్న వెంటనే ఇక్కడ ఒంగోలులో మా వీధి వాళ్లందరికీ చెప్పి వచ్చాను. వాళ్లలో సగం మందికి ఆ ఆట ఏమిటో తెలియకపోయినా సంతోషపడ్డారు. ఇంటికి వచ్చి కూర్చున్నాక మాత్రం దిగులు పట్టుకుంది. కోర్టు పక్కన నిలబడితే నీ కళ్లు బంతి వెంటే పరుగెడతాయి. అది నీకు చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటు, మీ అమ్మకూ ఉన్న అలవాటు. ఫోను చేస్తే "సరే మామయ్యా" అని పెట్టేస్తావు కనుక ఉత్తరం రాస్తున్నాను.

నీకు తెలిసిన సంగతులు ముందుగా ముగిస్తాను. సగం కోర్టు బొమ్మలు తెల్ల కాగితాల మీద ఇంట్లోనే గీసుకొని వెళ్లు. పెన్సిలు తీసుకెళ్లు. అమ్మాయి పరుగుకు నిండు గీత, పాసుకు చుక్కల గీత, బంతిని నేలకు కొడుతూ వెళ్లే డ్రిబుల్‌కు వంకర గీత, తోటి అమ్మాయిని కాస్తున్న మనిషి దారికి అడ్డంగా నిలబడే స్క్రీన్‌కు చివర అడ్డ గీత. అంతకు మించి గుర్తులు కనిపెట్టకు. ఫోనులో ఛార్జింగు ఉండాలి, సీసాలో నీళ్లు ఉండాలి.

కూర్చునే చోటు గురించి మాత్రం కాస్త వినాలి. చాలామంది కోర్టుకు పక్కగా, మధ్య గీతకు ఎదురుగా కుర్చీ వేసుకుంటారు. అక్కడ నుంచి బంతి బాగా కనిపిస్తుంది గానీ, అవతలి పక్కన ఎవరు ఎవరికి స్క్రీన్ వేస్తున్నారో దగ్గరున్న వాళ్ల వీపులు అడ్డొచ్చి కనిపించదు. రింగు వెనుక వైపున, వీలైనంత ఎత్తులో కూర్చో. మన కళాశాలల్లో గ్యాలరీలు ఎక్కడివి అంటావు. మొదటి అంతస్తు వరండా ఉంటుంది, అక్కడి ప్యూనును మర్యాదగా అడిగితే ఎక్కనిస్తాడు. అక్కడ నిలబడి చూస్తే అయిదుగురూ ఒకే చూపులో పడతారు. వీడియో తీయాలనుకుంటే నిర్వాహకులను అడిగి తీయి, కానీ ఫోను కూడా నీలాగే బంతి వెంట తిరగకుండా సగం కోర్టు మొత్తం పట్టేలా ఒకచోట ఆనించి పెట్టు.

అరగంట ముందే చేరమనడానికి కారణం వార్మప్. కావలికి సముద్రం దగ్గర. మధ్యాహ్నం దాటాక గాలి మొదలైతే బయటి కోర్టులో దూరం నుంచి వేసే షాట్లు మంచి మంచి వాళ్లకే తప్పిపోతాయి. ఆ గాలిలో నాలుగు షాట్లు తప్పిన అమ్మాయిని చూసి "బయటి నుంచి వేయడం రాదు" అని రాసుకొచ్చావంటే, గాలి లేని రోజున ఆ అమ్మాయే మిమ్మల్ని ముంచుతుంది. వార్మప్‌లో ఆమె చెయ్యి చూడు, మోచెయ్యి ఎక్కడ ఉంది, బంతి వేళ్ల కొసల నుంచి వదులుతోందా లేదా చూడు. కోర్టు మీది గీత కూడా చూడు. మూడు పాయింట్ల గీత 2010 నుంచి రింగుకు 6.75 మీటర్ల దూరం, మూలల్లో 6.60, పాత సిమెంటు కోర్టు అయితే అంతకు ముందున్న 6.25 మీటర్ల గీతే మిగిలి ఉండవచ్చు. అర మీటరు తేడా అమ్మాయిల ఆటలో చిన్నది కాదు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఇది నీకు చెప్పమని మీ అమ్మే నన్ను అడిగింది, తాను చెబితే నవ్వుతూ తేల్చేస్తుంది కనుక.

1980ల నాటి మాట. మన నెల్లూరు కళాశాలలన్నీ అప్పుడు తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం కింద ఉండేవి. అంతర్ కళాశాల పోటీలకు ముందు మీ అమ్మ చీలమండ బెణికి ఆటకు దూరమైంది. ఊరికే కూర్చోవడం ఎందుకని వాళ్ల శిక్షకుడు ఆమెను ఎదుటి జట్టు ఆట చూసి రాసుకు రమ్మని పంపాడు. మీ అమ్మ సంగతి తెలిసిందే కదా, ముత్యాల్లాంటి అక్షరాలతో నోటు పుస్తకం నింపుకొని వచ్చింది. అప్పట్లో చొక్కాల మీద 4 నుంచి 15 వరకే అంకెలుండేవి. ఆ పుస్తకంలో ఎక్కడ చూసినా 7 అంకే. 7వ నంబరు అమ్మాయిది ఎడమ చేతి వాటం, కుడి వైపు నుంచి లోపలికి వస్తుంది, రింగుకు ఇంత దూరంలో ఆగి వేస్తుంది. పడిన ప్రతి బంతినీ, వేసిన చేతినీ, నిలబడిన చోటునూ రాసింది. అందులో ఒక్క అబద్ధం లేదు.

ఆ రోజు నేను స్కోరరు బల్ల దగ్గర కూర్చున్నాను. అప్పుడే వేరే కళాశాలలో ఫిజికల్ డైరెక్టరుగా చేరాను కనుక ఆ పోటీల్లో ఆ పని నాకు అప్పగించారు. ఆ కుర్చీలో కూర్చున్నవాడు ఏ జట్టుకూ ఒక్క మాట చెప్పకూడదు. ఆట మొదలైంది. మన వాళ్లలో అందరికంటే గట్టి అమ్మాయి 7వ నంబరుకూ బంతికీ మధ్యలో దూరి, చెయ్యి పాసు దారిలో చాచి, ఆమెకు బంతి అందకుండా చేసింది. మిగిలిన వాళ్లు కూడా అదే ఊపులో తమ తమ అమ్మాయిలకు బంతి రాకుండా ముందుకు తోసుకొచ్చి నిలబడ్డారు. 7వ నంబరుకు చాలాసేపు బంతే దొరకలేదు, మన బెంచి మీద చప్పట్లే చప్పట్లు. నా ముందున్న స్కోరు కాగితంలో మాత్రం ఎదుటి జట్టు పాయింట్లు పెరుగుతూనే ఉన్నాయి. 11వ నంబరు అమ్మాయి, పొట్టిగా, బలంగా ఉండేది, రింగుకు ఎదురుగా ఉండే ఫ్రీ త్రో గీత దగ్గరకు వచ్చి రింగుకు వీపు పెట్టి బంతి అందుకునేది. అందుకొని ఒక్క క్షణం ఆగేది. పక్కనున్న వాళ్ల జట్టు అమ్మాయి బంతి వైపు ఒక అడుగు వేసినట్లు వేసి, మీదికొచ్చి నిలబడిన మన అమ్మాయి వెనుక నుంచి రింగు వైపు దూరేది. నేలకు కొట్టిన పాసు, రింగు దగ్గరకు దూసుకెళ్లి వేసే లే-అప్, రెండు పాయింట్లు. మళ్లీ అదే, ఈసారి ఎడమ వైపు నుంచి. ఒక మడవ కడితే నీళ్లు ఇంకో చోట గండి కొట్టుకున్నట్లు, 7ను ఎంత బిగిస్తే వెనుక అంత దారి తెరుచుకుంది.

సగం ఆటకు విరామం ఇచ్చినప్పుడు శిక్షకుడు మీ అమ్మ పుస్తకం తెరిచి, 7 తప్ప మరో పేరు కనిపించక, "ఇంకా గట్టిగా పట్టండి" అని అరిచాడు. గట్టిగా పట్టారు. ఆ జట్టుకు కావలసింది అదే. ఆట పోయాక ఆయన ఆ పుస్తకాన్ని అందరి ముందూ బెంచి మీద విసిరికొట్టి మీ అమ్మను నానా మాటలూ అన్నాడు. బంతి పడిన చోటు రాసుకు రమ్మని పంపింది ఆయనే, ఆమె చెప్పిన పని తు.చ. తప్పకుండా చేసింది. మీ అమ్మ చూసిన ఆటలో 11వ నంబరు ఒక్క బుట్టా వేయలేదు కనుక ఆ పుస్తకంలోకి రాలేదు. కానీ 7కు దొరికిన ప్రతి ఖాళీ షాటుకు ముందు 11 వేసిన స్క్రీనో, 11 చేతి నుంచి వచ్చిన పాసో ఉండే ఉంటుంది. ఆ తర్వాత మీ అమ్మ ఎవరి ఆటనూ రాయడానికి ఒప్పుకోలేదు.

అందుకే చెబుతున్నాను తల్లీ, బుట్ట పడిన ప్రతిసారీ రెండు పాసులు వెనక్కి వెళ్లు. ఎవరు వేశారన్నది స్కోరు కాగితంలో నీకు తర్వాతైనా దొరుకుతుంది. ఆ పాసు ఇచ్చిందెవరు, ఆమెకు ఇచ్చిందెవరు, వేసిన అమ్మాయిని కాపలా నుంచి విడిపించిన స్క్రీన్ ఎవరిది, అది చూసిన వాళ్ల కళ్లలో తప్ప ఎక్కడా ఉండదు. మొదటి క్వార్టర్లో పెన్సిలు ముట్టుకోకు. ఊరికే చూడు, ముందు ఒకరు నిలబడి ఆట మొదలుపెడుతున్నారా ఇద్దరా, పొడుగు అమ్మాయి కిందే ఉంటోందా పైకి వస్తోందా అన్నది మనసుకు ఎక్కనివ్వు. రెండో క్వార్టర్ నుంచి ఒక్కో దాడికి ఒక్కో అమ్మాయిని ఎంచుకొని, ఆమె చేతిలో బంతి ఉన్నా లేకపోయినా ఆమెనే చూడు. మొదట్లో చాలా కష్టం, కన్ను గుంజుతుంది, పట్టుబట్టి తిప్పుకో.

దానితో పాటు మూడు చోట్ల వాళ్లు కంఠస్థం చేసిన ఆట ఆడతారు, అవి వదలకు: రింగు కింద గీత బయటి నుంచి బంతి విసిరేటప్పుడు, టైమ్ అవుట్ అయిన వెంటనే, ఒక్కో దాడిలో రింగుకు బంతి వేయడానికి ఇచ్చే 24 సెకన్లు అయిపోవస్తున్నప్పుడు. ఆ గడియారం అందరికీ కనబడేలా లేకపోతే మనసులో లెక్కపెట్టుకో. చివరి క్షణాల్లో బంతి ఎవరి చేతికి వెళ్తుందో ఆ జట్టు ఎవరిని నమ్ముతుందో అదే చెబుతుంది. శిక్షకుడు వేళ్లు చూపించినా, పిడికిలి ఎత్తినా, ఏదైనా అంకె అరిచినా, ఆ వెంటనే ఏ ఆట వచ్చిందో పక్కన రాయి. ఫ్రీ త్రోలు ఎవరికి తప్పుతున్నాయో కూడా రాయి. ఒక క్వార్టర్లో జట్టు మొత్తం చేసిన ఫౌళ్లలో అయిదోదాని నుంచి రెండేసి త్రోలు ఇవ్వాల్సి వస్తుంది కనుక ఎవరి మీద చెయ్యి పడినా ఫరవాలేదో, ఎవరి మీద పడకూడదో మీ అమ్మాయిలకు తెలియాలి.

తెచ్చినదంతా జట్టుకు చెప్పాలన్న ఆత్రం పెట్టుకోకు. నీ కాగితాల్లో ముప్ఫయి సంగతులుంటే వాళ్లకు మూడే చెప్పు. మిగతావి మీ శిక్షకుడికీ నీకూ. కోర్టులో ఉన్న అమ్మాయి గుర్తు తెచ్చుకోవడానికి ఆగితే ఆ ఆగిన అర క్షణంలో ఆమె పట్టాల్సిన మనిషి దాటిపోతుంది. చెప్పడం కంటే చూపించడం మేలు: బెంచి మీది అయిదుగురికి ఎదుటి జట్టు చొక్కా అంకెలు ఇచ్చి, వాళ్ల ఆట నేర్పి, ముందు నడకతో, తర్వాత పరుగుతో ఆడించు. బెంచి మీది పిల్లలకు కూడా తాము ఆ సెమీ ఫైనల్లో ఉన్నట్లుంటుంది.

ఎలా పట్టాలన్నది మీ శిక్షకుడి నిర్ణయం, అయినా నా మాట ఒకటి పెట్టుకో. బంతి పట్టిన అమ్మాయికి స్క్రీన్ వేస్తే ఏం చేయాలన్నది ఆ అమ్మాయి చేతిని బట్టి ఉంటుంది. బయటి నుంచి వేయలేని అమ్మాయి అయితే కాపలా అమ్మాయి స్క్రీన్ వెనుక నుంచి పోయి లోపల కలుసుకోవచ్చు. వేయగలిగినదైతే స్క్రీన్ మీదుగా అంటుకొనే వెళ్లాలి, స్క్రీన్ వేసిన అమ్మాయిని కాస్తున్నది ఒక అడుగు బయటికొచ్చి బంతి పట్టిన అమ్మాయి దారి ఆపి మళ్లీ తన చోటికి పోవాలి. కాయాల్సిన మనుషులను ఒకరితో ఒకరు మార్చుకోవడం చివరి సెకన్లకు ఉంచండి, లేకపోతే పొడుగు అమ్మాయి ముందు మీ పొట్టి అమ్మాయి మిగులుతుంది. 11 లాంటి అమ్మాయి ఎదుటి జట్టులో ఉంటే ఆమెను పాసు తీరిగ్గా చూసుకోనివ్వకుండా మీదికెళ్లి ఒత్తిడి పెట్టండి, మిగతా నలుగురూ పాసు దారిలోకి తోసుకురాకుండా రెండడుగులు లోపలికి తగ్గి నిలబడండి. బయటి నుంచి ఎవరూ వేయలేని జట్టు అయితే ముందు ఇద్దరు, రింగు దగ్గర ముగ్గురు తమ తమ చోటును కాసే 2-3 జోన్ సరిపోతుంది. రింగు ముందు మూడు సెకన్లకు మించి నిలబడకూడదన్న నిబంధన మన ఆటలో కాపలా వాళ్లకు లేదు కనుక మీ పొడుగు అమ్మాయి రింగు కిందే ఉండిపోవచ్చు. కానీ ఆ జోన్‌కు ఫ్రీ త్రో గీత దగ్గరా, రెండు మూలలా ఖాళీ ఉంటుంది, 11 నిలబడేది సరిగ్గా అక్కడే.

నా అసలు భయం ఇంకొకటి. షూటరు మీదికి పరుగెత్తి వెళ్లమని మీరు చెబుతారు, పిల్లలు పూర్తి వేగంతో వెళ్లి ఒక్కసారి కాళ్లు బిగించి ఆగుతారు. ఆడపిల్లల మోకాలి లిగమెంటు మగపిల్లలకంటే సులువుగా తెగుతుందన్నది వైద్యులు ఒప్పుకున్న సంగతే. నెల్లూరులో వానలు పడే కార్తీక మాసంలో తడి సిమెంటు మీద అలా ఆగిన పిల్లలు కింద కూలబడటం నా కళ్లతో చూశాను, ఆ కేక ఇంకా చెవుల్లో ఉంది. చివరి రెండు మూడు అడుగులు చిన్నవి చేసి, మోకాళ్లు వంచి, చెయ్యి పైకెత్తి ఆగడం ముందు నేర్పించు. కోర్టు తడిగా ఉంటే ఆ అభ్యాసమే మానిపించు, శిక్షకుడు కోప్పడినా సరే.

కాగితాల్లో పిల్లల గురించి రాసేటప్పుడు నోరు అదుపులో పెట్టుకో. "ఎడమ చేత్తో డ్రిబుల్ రాదు" అని రాయి, "చేతకానిది" అని రాయకు. దుస్తులు మార్చుకునే గదిలో మరచిపోయిన కాగితం ఎదుటి జట్టు పిల్ల చేతిలో పడితే ఆ పిల్ల ముఖం ఎలా ఉంటుందో ఆలోచించు.

చీకటి పడకముందే కావలి బస్టాండుకు చేరుకోమని రాద్దామనుకున్నాను. అయితే నాలుగో క్వార్టర్ చివరి రెండు నిమిషాల్లో టైమ్ అవుట్ తీసుకున్న జట్టు బంతిని ఎదుటి సగం నుంచే విసిరి మొదలుపెట్టవచ్చు, వాళ్లు దాచుకున్న ఆట బయటికొచ్చేది అప్పుడే. కనుక పూర్తిగా చూసే రా. బస్సు ఎక్కగానే మీ అమ్మకు ఫోను చెయ్యి, ఆమె నాకు చేస్తుంది. ఆదివారం పొద్దున్నే నీ బొమ్మలన్నీ ఫోటోలు తీసి పంపించు, కొట్టివేతలు ఉన్నా తిరగరాయవద్దు.

ఇట్లు,
నీ మామయ్య