బూజు పట్టిన గడ్డి వేరు, పుట్టగొడుగు పెంచిన గడ్డి వేరు

ప్రశ్న: సార్, వానలకి కళ్ళంలోనే వరిగడ్డి తడిసిపోయి బూజు పట్టింది. ఫంగస్ పెంచితే గడ్డికి బలం వస్తదని ఫోన్లో వీడియో చూసి అదే మేపుతున్నాను. ఇప్పుడు రెండు గేదెలు కాళ్ళు వాచి కుంటుతున్నాయి, ఒకదానికి తోక కొస నల్లగా ఎండిపోయింది. గాలికుంటు అనుకుని మందుల షాపాయన ఇచ్చిన ఇంజెక్షన్ చేయించాను, బూజు గడ్డిమీద జల్లమని పౌడర్ కూడా ఇచ్చాడు. తగ్గట్లేదు.
– ఒక రైతు, నరసన్నపేట మండలం

జవాబు: ముందు ఆ గడ్డి ఈ పూటే ఆపేయండి.

ఇది గాలికుంటు కాదండీ. గాలికుంటైతే జ్వరం, నోట్లో పొక్కులు, చొంగ ఉంటాయి, తోక కొస ఎండిపోదు. మీరు రాసిన లక్షణాలకి డెగ్నాలా అనే జబ్బేనని అనుమానిస్తున్నాను, బూజులో ఉండే విషం వల్ల కాళ్ళు, తోక లాంటి చివర్లకి రక్తం అందక అక్కడ కండ చచ్చిపోతుంది. చలికాలంలో వరిగడ్డి మీదే బతికే గేదెల్లో ఎక్కువ. పశువుల డాక్టర్‌ని పిలిచి చూపించండి, ఆయన సరేనంటే పెంటాసల్ఫేట్ మిశ్రమం (ఐదు రకాల సల్ఫేట్ లవణాలు కలిపిన పొడి) ఒక్కో గేదెకి మొదటి రోజు 60 గ్రాములు, తర్వాత రోజుకి 30 గ్రాముల చొప్పున 10 రోజులు తాగించాలి. పుండ్లు లేత గులాబీ రంగు పర్మాంగనేట్ నీళ్ళతో కడిగి ఈగలు వాలకుండా వేపనూనె రాయండి. నల్లబడిన తోక ముక్క మాత్రం తిరిగి రాదు.

ఆ షాపాయన గేదె నోరు తెరిచి చూశాడా? చూడకుండా ఇంజెక్షన్ ఎలా ఇస్తారు, మీరెలా చేయిస్తారు! పౌడర్ జల్లినంత మాత్రాన బూజు గడ్డి మేత అయిపోదు, ఆ డబ్బుకి రెండు టార్పాలిన్లు కొనుంటే గడ్డే తడిసేది కాదు. ప్రతి ఏడాదీ ఇదే చెప్తున్నాను, వాన సూచన ఉంటే ముందు గడ్డి కప్పండి.

వీడియోలో ఉన్న సంగతి అబద్ధం కాదు, కానీ ఆ ఫంగస్ వేరు. ముత్యపు చిప్ప పుట్టగొడుగు లాంటివి గడ్డిలో అరగని లిగ్నిన్ అనే గట్టి పదార్థాన్ని తినేసి మిగతాది పశువుకి అరిగేలా చేస్తాయి. కర్నాల్ పాడి పరిశోధన సంస్థలో 1980ల్లోనే యూరియా పట్టించి మాగబెట్టిన గడ్డిమీద ఫంగస్ పెంచి చూశారు, అయితే ఫంగస్ తన తిండికి గడ్డిలో కొంత తినేస్తుంది కాబట్టి తూకం తగ్గిపోతుంది, పైగా గడ్డిని ఉడకబెట్టి శుభ్రంగా పుట్టగొడుగు విత్తనం వేయకపోతే మీ కళ్ళంలో పట్టిన బూజే ముందు పడుతుంది. పుట్టగొడుగులు కోసేశాక మిగిలిన గడ్డి మేపొచ్చా అని కూడా చాలామంది అడుగుతున్నారు. ఫార్మలిన్, కార్బెండజిమ్ లాంటి బూజు చంపే మందుల నీళ్ళలో నానబెట్టిన గడ్డైతే అస్సలు వద్దు. వేడినీళ్ళలో ఉడికించిందై, పచ్చ నల్ల మచ్చలు లేకుండా ఉంటే ఎండబెట్టి కొంచెం కొంచెంగా అలవాటు చేయండి.

మీకు కావాల్సింది బలమే కదా, దానికి యూరియా గడ్డి చాలు. బాగున్న ఎండుగడ్డి 100 కిలోలకి 4 కిలోల యూరియా 50 లీటర్ల నీళ్ళలో పూర్తిగా కరిగించి పొరపొరకీ చల్లి, తొక్కి, గాలి చొరకుండా 21 రోజులు కప్పి ఉంచండి. తీశాక రాత్రంతా ఆరబెట్టి ఆ ఘాటు పోయాకే వేయాలి. ఆరు నెలల లోపు దూడలకి వద్దు.

మిగిలిన బూజు గడ్డి ఎరువు గోతిలో వేసేయండి, గేదెల కింద పరుపుగా కూడా వేయొద్దు, అవి దాన్నీ నమిలేస్తాయి.