మైన్ రోడ్‌లో జనం ఎక్కడ నిలబడ్డారు?
(ఒక యువ రచయితకు లేఖ)

తమ్ముడూ,

మాంచెస్టర్ సిటీ ఫుట్‌బాల్ క్లబ్ పాత స్టేడియం మైన్ రోడ్ మీద నువ్వు మాంచెస్టర్ నుంచి పంపిన వ్యాసం అందింది. మొదటి వాక్యం దగ్గరే నాకు చిర్రెత్తుకొచ్చింది. "కూలుతున్న గోడల నడుమ మైన్ రోడ్ మౌనంగా కన్నీరు కార్చింది" అని మొదలుపెట్టావు. స్టేడియం ఏడవదు. ఏడిస్తే మనుషులు ఏడుస్తారు. ఆ మనుషులెవరో, ఏ మూల నిలబడి ఏడ్చారో వ్యాసమంతా వెతికినా నాకు దొరకలేదు.

నీ భాష బాగుంది. ఆ మాట చెప్పేశాను కాబట్టి ఇక అసలు విషయానికి వస్తాను.

వ్యాసంలో సగం సిటీ గోల్‌కీపర్ ట్రౌట్‌మన్ మెడ గురించే రాశావు. 1956లో ఇంగ్లండ్ క్లబ్బుల నాకౌట్ పోటీ అయిన ఎఫ్.ఎ. కప్ ఫైనల్లో మెడ ఎముక విరిగినా చివరిదాకా గోల్ కాసిన మనిషి కథ ఎవరికైనా ఒళ్లు జలదరింపజేస్తుంది. కానీ ఆ మెడ విరిగింది లండన్‌లో, వెంబ్లీలో! నువ్వు రాస్తున్నది మైన్ రోడ్ చరిత్ర. మాంచెస్టర్‌కి సంబంధించిన ట్రౌట్‌మన్ కథ 1949లో ఉంది. జర్మన్ సైన్యంలో పారాట్రూపర్‌గా పోరాడి, యుద్ధఖైదీగా ఇంగ్లండ్ చేరినవాణ్ని సిటీ క్లబ్ గోల్‌కీపర్‌గా తీసుకుంటే వేలమంది రోడ్డెక్కారు. యుద్ధం ముగిసి నాలుగేళ్లే అయింది, కోపం రాకుండా ఎలా ఉంటుంది? అప్పుడు ఆ ఊరి యూదు మతగురువు అలెగ్జాండర్ ఆల్ట్‌మన్, తనే జర్మనీ వదిలి వచ్చినవాడు, దేశం చేసిన పాపానికి ఒక్క మనిషిని శిక్షించొద్దని బహిరంగ లేఖ రాశాడు. వద్దన్న జనమే తర్వాత ట్రౌట్‌మన్‌ని నెత్తిన పెట్టుకున్నారు. ఆ మార్పు ఆ గ్యాలరీల్లోనే జరిగింది. నువ్వేమో దాన్ని రెండు ముక్కల్లో దాటేసి రైలెక్కి వెంబ్లీ వెళ్లిపోయావు.

నేను ఎప్పటినుంచో నమ్ముతున్న మాట ఒకటి చెప్తాను, కాస్త గట్టిగానే చెప్తాను. కూలిపోయిన స్టేడియం చరిత్రంటే గెలిచిన కప్పుల జాబితా కాదు. జనం ఎలా వచ్చారు, ఎంత పెట్టి టికెట్టు కొన్నారు, ఎక్కడ నిలబడ్డారు, వానొస్తే ఏం చేశారు, ఇదీ చరిత్ర. గోల్స్ లెక్క రికార్డు పుస్తకాల్లో భద్రంగా ఉంటుంది. నిలబడ్డ చోటు గోడతో పాటే పోతుంది.

హైడ్ రోడ్‌లోని సిటీ పాత మైదానంలో 1920లో మెయిన్ స్టాండ్ కాలిపోయింది. ఆ తర్వాత మాస్ సైడ్ అనే పేటలో ఈ కొత్తది కట్టి 1923 ఆగస్టు 25న తెరిచారు. కుర్చీలు, పైకప్పు ఒక వైపే. మిగతా మూడు వైపులా ఆకాశం కింద మెట్లు, అక్కడ నిలబడే చూడాలి. 1934 మార్చి 3న స్టోక్ సిటీతో కప్ మ్యాచ్‌కి 84,569 మంది వచ్చారు. ఇంగ్లండ్‌లో మరే క్లబ్బూ తన సొంత మైదానంలో ఇంతమందిని చూడలేదు. నువ్వు ఆ అంకె వేసి, పక్కన "జనసంద్రం" అని రాసి ఊరుకున్నావు. అంతమందిలో పొట్టివాడికి ఎరిక్ బ్రూక్ కొట్టిన గోల్ కనపడిందా? మధ్యలో ఇరుక్కున్నవాడు బాత్రూంకి ఎలా వెళ్లాడు? ఆనాటి పత్రికలు ఆ ఊరి లైబ్రరీలోనే ఉన్నాయి, వెళ్లి చూడు.

మైన్ రోడ్ ఒక్క సిటీదే అన్నట్టు కూడా రాశావు. 1941లో జర్మన్ బాంబులు అదే ఊరి ప్రత్యర్థి క్లబ్ మాంచెస్టర్ యునైటెడ్ మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్‌ని దెబ్బతీశాక యునైటెడ్ వాళ్లు 1949 దాకా ఇక్కడే అద్దెకు ఆడుకున్నారు. 1948 జనవరిలో యునైటెడ్, ఆర్సెనల్ మ్యాచ్‌కి 83,260 మంది వచ్చారు. ఇంగ్లిష్ లీగ్ రికార్డుల్లోకెక్కిన అంకె అది. ప్రత్యర్థి పెరట్లో పెట్టిన రికార్డు! దీన్ని వదిలేసి సూర్యాస్తమయం వర్ణిస్తూ కూర్చున్నావు.

మైన్ రోడ్‌లో జనం నిలబడి చూసిన కిపాక్స్ స్టాండ్ గురించి రాసేటప్పుడు మన సినిమా హాళ్లలో నేల క్లాసు గుర్తు తెచ్చుకో. గోల ఎక్కువ, టికెట్టు తక్కువ, హాలుకి ప్రాణం మాత్రం అదే. నేను రాయడం మొదలుపెట్టిన రోజుల్లో మా ఊళ్లో పాత హాలు పడగొట్టారు. అందులో టికెట్లు చింపిన ముసలాయన ఇంటి చుట్టూ తిరిగి, నేల టికెట్టు కోసం జనం ఎలా ఎగబడేవాళ్లో, కౌంటరు కన్నంలోంచి చెయ్యి బయటికి తీసేసరికి మోచేతి దగ్గర చర్మం ఎలా గీరుకుపోయేదో రాసుకొచ్చాను. అప్పుడు నాకు ఉద్యోగం లేదు, ఆ వ్యాసం డబ్బు మీదే ఆశ. ఎడిటర్ గారు ఆ కన్నం, ఆ మోచెయ్యి తీసేసి, "ఒక శకం ముగిసింది" అని హెడ్డింగు పెట్టి వేశారు. డబ్బూ రాలేదు. ఆ ముసలాయన పత్రిక తిరగేసి, "నేను చెప్పింది ఇందులో ఏదీ?" అని అడిగాడు. ఆ కోపం నాకింకా చల్లారలేదు. ఇప్పటికీ పత్రికలకి శకాలే కావాలి, మోచేతులు అక్కర్లేదు. నువ్వూ వాళ్ల కోసం ముందే కత్తిరించుకుని రాస్తున్నావేమోనని నా బాధ.

నీ వ్యాసంలో నన్ను కదిలించిన వాక్యం ఒకే ఒక్కటి. మ్యాచ్ ఉన్న రోజు వాళ్లమ్మ ఆరేసిన బట్టలు మధ్యాహ్నానికే తీగ మీంచి తీసేసేదని మీ ఇంటి ఓనరు చెప్పాడన్నావు. ఎందుకు తీసేది? దుమ్మా, దొంగలా, సందులో మనుషులు పట్టకనా? అడగలేదా? అక్కడ ఆగి ఒక పేజీ రాయాల్సింది.

ఇక "అభివృద్ధి రాక్షసి మింగేసింది" అన్న మాట కొట్టెయ్. 1989లో షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో స్టేడియంలో జనం నలిగిపోయి, మొత్తం 97 మంది ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత దానిపై విచారణ జరిపిన జడ్జి టేలర్ నివేదిక వచ్చింది, పెద్ద క్లబ్బులన్నీ నిలబడే గ్యాలరీలు తీసి కుర్చీలు వెయ్యాల్సి వచ్చింది. కిపాక్స్ మెట్లు 1994లో పోయాయి. ఎనభై నాలుగు వేలు పట్టిన చోట చివరికి సుమారు 35 వేల కుర్చీలు మిగిలాయి. చుట్టూ ఇరుకు వీధులు, ఆనుకుని ఇళ్లు, పెంచడానికి జాగా ఏదీ? 2002 కామన్వెల్త్ క్రీడల కోసం నగరం తూర్పున కొత్త స్టేడియం కట్టారు, క్లబ్ అక్కడికి మారింది. ఇందులో రాక్షసులెవరూ లేరు. నిలబడి చూసినవాళ్ల ఆనందమూ నిజం, ఆ 97 మంది చావూ నిజం. రెండూ రాయగలిగితేనే రాయి.

2003 మే 11న ఆఖరి మ్యాచ్. సౌతాంప్టన్ చేతిలో 0-1తో ఓడిపోయారు. మరుసటి ఏడాదికల్లా నేలమట్టం. ఇప్పుడక్కడ నాలుగు వందలకు పైగా ఇళ్లున్నాయి. ఆ ఇళ్ల గురించి నువ్వు ఒక్క మాటా రాయలేదు.

ఏ పత్రికకి పంపాలి, పుస్తకం ఎప్పుడు వెయ్యాలి అని చాలా అడిగావు. వాటి సంగతి ఇప్పుడొద్దు. మ్యాచ్ రోజుల్లో "మీ కారు చూస్తుంటాం సార్" అని చిల్లర అడిగే పిల్లలు ఆ వీధుల్లో ఉండేవాళ్లు. వాళ్లిప్పుడు పెద్దవాళ్లయ్యారు, చాలామంది ఆ చుట్టుపక్కలే ఉంటారు. ఒకరినైనా పట్టుకో. ఎంత ఇచ్చేవాళ్లు, ఇవ్వకపోతే ఏం చేసేవాళ్లు, అన్నీ అడుగు. అది రాసి దసరాలోపు పంపు, వెంటనే చదువుతాను.

ఆశీస్సులతో,
అన్నయ్య